ఒక్క బిళ్ళే కదా అనుకోకండి: ఊపిరితిత్తుల క్యాన్సర్ మాత్రలు ఇంట్లో వేసుకునే పద్ధతి

హైదరాబాద్‌లోని ఒక క్యాన్సర్ ఆసుపత్రిలో మందుల కౌంటర్ నాది. కీమోథెరపీకి వచ్చేవాళ్లను నర్సులు చూసుకుంటారు. నెలకోసారి వచ్చి డబ్బా మాత్రలు తీసుకుని ఇంటికి వెళ్లేవాళ్లు నా వంతు. సూది లేదు, సెలైన్ లేదు, మంచం లేదు. అందుకే ఇంట్లోవాళ్లు దీన్ని బీపీ బిళ్ళ పక్కన మరో బిళ్ళగా జమకట్టేస్తారు. నా గొడవంతా అక్కడే. కీమో ఎక్కుతున్నంతసేపూ మనిషిని కనిపెట్టుకుని పదిమంది ఉంటారు. ఈ మాత్ర వేసుకునే మనిషిని కనిపెట్టుకోవలసింది ఇంట్లోవాళ్లే. ఏం చూడాలో ముందే తెలిసి ఉండాలి కదా.

ముందుగా మీ చేతిలో ఉన్నది ఏ మందో తెలుసుకోండి. బయాప్సీ ముక్క మీద చేసిన జన్యు పరీక్షలో ఈజీఎఫ్ఆర్ అనే జన్యువులో మార్పు కనిపిస్తే జెఫిటినిబ్, ఎర్లోటినిబ్, అఫాటినిబ్, ఒసిమెర్టినిబ్ వంటివి ఇస్తారు. ఏఎల్‌కే అనే జన్యువులో మార్పు ఉంటే క్రిజోటినిబ్, అలెక్టినిబ్, లోర్లాటినిబ్. మార్పు లేనివాళ్లకు వీటితో ఉపయోగం లేదు, దుష్ప్రభావాలు మాత్రం మిగులుతాయి. పక్కవీధి ఆయనకు బాగా పనిచేసిందని పేరు రాసుకుని నా దగ్గరికి వచ్చేవాళ్లున్నారు. వాళ్లకు నేను చెప్పేది ఒకటే: మీ రిపోర్టు చూపించండి. జీవితంలో పొగ ముట్టని ఆడవాళ్లలో ఈజీఎఫ్ఆర్ మార్పు తరచుగా కనిపిస్తుంది కాబట్టి, "మా అమ్మకు ఏ అలవాటూ లేదే" అని పరీక్ష దగ్గర వెనకాడకండి.

వేళ, కడుపు

పథ్యం ఏమిటని అడగనివారు ఉండరు. వంకాయ, మాంసం, పెరుగు గురించి అడుగుతారు. వాటితో పేచీ లేదు. పేచీ ఎప్పుడు తిన్నారన్న దాని దగ్గరే.

ఎర్లోటినిబ్ పరగడుపున వేసుకోవాలి. తినడానికి కనీసం గంట ముందు, లేదా తిన్న రెండు గంటల తర్వాత. కడుపులో ఆహారం ఉంటే మందు మోతాదుకు మించి ఒంటికి పడుతుంది, దద్దుర్లు, విరేచనాలు ఎక్కువవుతాయి. కాఫీ తిండి కాదు కదా అని చాలామంది నన్ను దబాయిస్తారు. పాలు, పంచదార పోసిన కాఫీ తిండి కిందకే వస్తుంది. ఆ గంటా మంచినీళ్లే. అఫాటినిబ్‌ది కూడా పరగడుపు దారే. అలెక్టినిబ్ దీనికి పూర్తిగా వ్యతిరేకం. అన్నంతోనో టిఫిన్‌తోనో కలిపి వేసుకుంటేనే ఒంటికి సరిగా పడుతుంది. మామూలు మోతాదు పూటకు 600 మిల్లీగ్రాములు, అంటే 150 మిల్లీగ్రాముల క్యాప్సూళ్లు నాలుగు, రెండు పూటలకు కలిపి రోజుకు ఎనిమిది. ఇన్ని మింగాలా అని బెదిరి రెండు తగ్గించుకున్నవాళ్లను చూశాను. లెక్క డాక్టరుది, మనది కాదు. జెఫిటినిబ్, ఒసిమెర్టినిబ్ తిన్నా తినకపోయినా వేసుకోవచ్చు. రోజూ ఒకే వేళ పాటిస్తే చాలు.

వేళ గుర్తుండడానికి ఫోను అలారం కంటే గోడ మీది తెలుగు క్యాలెండర్ మేలని నా అనుభవం. అలారం మోగితే ఆపేసి మరచిపోతాం. తిథి, వర్జ్యం రాసి ఉన్న గడిలోనే పెన్సిల్‌తో టిక్కు పెట్టే అలవాటు చేసుకుంటే, వేసుకున్నారో లేదో ఇంట్లో ఎవరైనా చూసి చెప్పగలరు. విరేచనాలు, జ్వరం వచ్చిన రోజున అదే గడిలో ఒక అక్షరం రాయండి. డాక్టరుకు అది ఎంత ఉపయోగపడుతుందో చెప్పలేను.

మరచిపోతే? జెఫిటినిబ్, ఒసిమెర్టినిబ్ వేసుకునేవాళ్లు, తర్వాతి మాత్రకు ఇంకా 12 గంటల కంటే ఎక్కువ ఉంటే గుర్తొచ్చినప్పుడు వేసుకోవచ్చు, అంత సమయం లేకపోతే ఆ రోజుది వదిలేయాలి. మీ డాక్టరు వేరేగా చెప్పి ఉంటే ఆయన మాటే మాట. రెండు పూటలా వేసుకునే మందులకు లెక్క వేరు కాబట్టి అడిగి మందుల చీటీ మీదే రాయించుకోండి. ఏ మందుకైనా సరే, నిన్నటిది ఇవాళ కలిపి రెండు వేయకూడదు. వాంతిలో మాత్ర పోయినా మళ్లీ వేయకండి, తర్వాతి వేళకు వేసుకోండి.

గ్యాస్ బిళ్ళ అనే గూఢచారి

కొత్తగా మందు మొదలుపెట్టేవాళ్లను ఇంట్లో ఉన్న మందులన్నీ ఒక సంచిలో వేసుకుని రమ్మంటాను. ఒక పెద్దాయన కొడుకు అలా తెచ్చిన ప్లాస్టిక్ కవరును కౌంటర్ మీద బోర్లించాడు. షుగరు బిళ్ళలు, నొప్పి బిళ్ళలు, దగ్గు మందు సీసా, సగం వాడిన ఆయింట్‌మెంట్, ఒక పొడి పొట్లం. వాటిలో మూడు వేర్వేరు రంగుల అట్టలు పక్కపక్కన పెట్టి చూపించాను. మూడు కంపెనీలు, మూడు పేర్లు, లోపల ఉన్నది ఒక్కటే, పాంటోప్రజోల్. గుండె డాక్టరు ఒకటి, ఎముకల డాక్టరు ఒకటి రాశారు, మూడోది వీధి చివర మందుల షాపులో చీటీ లేకుండా కొన్నది. పెద్దాయన వేసుకోబోయేది ఎర్లోటినిబ్.

ఎర్లోటినిబ్, జెఫిటినిబ్ కరగాలంటే కడుపులో ఆమ్లం కావాలి. గ్యాస్ బిళ్ళ చేసే పనే ఆ ఆమ్లాన్ని తగ్గించడం. ఫలితం ఏమిటంటే, వేలు పోసి కొన్న మాత్ర కరగక, పనిచేయవలసినంత పని చేయకుండా బయటికి పోతుంది. ఒంట్లో ఏ బాధా తెలియదు కాబట్టి ఎవరికీ అనుమానం రాదు, స్కాన్‌లో కణితి పెరిగినప్పుడు తప్ప.

ఎర్లోటినిబ్‌తో పాంటోప్రజోల్, ఒమెప్రజోల్, రాబెప్రజోల్ రకాలు వద్దు. ఫామోటిడిన్ రకం తప్పదంటే, అది వేసుకున్న 10 గంటలకు ఎర్లోటినిబ్ వేసుకుని, ఆ తర్వాత కనీసం 2 గంటలు ఆగి మళ్లీ ఫామోటిడిన్ వేసుకోవాలి. జెఫిటినిబ్‌కు, పాంటోప్రజోల్ రకానికి మధ్య 12 గంటల ఎడం ఉండాలి. గులాబీ రంగు గ్యాస్ సిరప్పులను కూడా మాత్రకు కొన్ని గంటల దూరంలోనే ఉంచాలి. ఒసిమెర్టినిబ్‌కు ఆమ్లం గొడవ లేదు. అయితే గ్యాస్ క్యాప్సూళ్లలో చాలావాటిలో పాంటోప్రజోల్‌తో పాటు డోంపెరిడోన్ కూడా ఉంటుంది. ఒసిమెర్టినిబ్ గుండె లయను కాస్త మార్చగలదు, డోంపెరిడోన్‌కూ ఆ గుణం ఉంది. వాంతులకు ఇచ్చే ఆన్‌డాన్‌సెట్రాన్, జలుబు చేస్తే షాపువాళ్లు ఇచ్చేసే అజిత్రోమైసిన్ కూడా ఆ కోవలోవే. అవసరమైతే డాక్టరు ఈసీజీ తీయించి వాడమంటారు. సొంతంగా కొనుక్కుని వేసుకోవడమే ప్రమాదం.

ఇంకో జత ఉంది, మన దేశంలో మరీ ముఖ్యం. దగ్గు, బరువు తగ్గడం, ఎక్స్‌రేలో మచ్చ చూసి మొదట టీబీ మందులు మొదలుపెట్టి, నెలల తర్వాత క్యాన్సర్ అని తేలిన కేసులు మాకు మామూలే. కొందరికి రెండు జబ్బులూ ఉంటాయి. టీబీకి ఇచ్చే రిఫాంపిసిన్ కాలేయాన్ని పురిగొల్పి ఈ మాత్రల్లో చాలావాటిని త్వరత్వరగా విరిచేయిస్తుంది, రక్తంలో మందు మోతాదు బాగా పడిపోతుంది. లోర్లాటినిబ్‌తో అయితే కాలేయానికే తీవ్రంగా దెబ్బ తగులుతుంది కాబట్టి ఆ రెండూ కలవనే కూడదు. మూర్ఛకు వాడే ఫెనిటోయిన్, కార్బమజెపైన్ కూడా రిఫాంపిసిన్ బాటలోనే నడుస్తాయి. క్యాన్సర్ మెదడుకు పాకి ఫిట్స్ వచ్చినవాళ్లకు ఇవి రాసే అవకాశం ఉంది. లెవెటిరాసెటామ్‌తో ఈ ఇబ్బంది లేదు. మీరు చేయవలసింది ఏ మందూ మానేయడం కాదు, ఒక డాక్టరు రాసిన చీటీని రెండో డాక్టరుకూ చూపించడం. రక్తం పలచబడడానికి వార్ఫరిన్ వాడేవాళ్లు జెఫిటినిబ్ లేదా ఎర్లోటినిబ్ మొదలుపెడితే రక్తం ఎంతసేపటికి గడ్డకడుతుందో చూసే ఐఎన్ఆర్ పరీక్ష మామూలు కంటే తరచుగా చేయించుకోవాలి.

ఎర్లోటినిబ్ మీద పొగ ప్రభావం కూడా పడుతుంది. బీడీ అయినా, సిగరెట్ అయినా, ఉత్తరాంధ్ర అమ్మమ్మల అడ్డచుట్ట అయినా రక్తంలో మందు తగ్గిపోతుంది. మానలేకపోతుంటే డాక్టరు దగ్గర దాచకండి.

పండ్లలో గ్రేప్‌ఫ్రూట్ వద్దని డబ్బాలోని కాగితంలో రాసి ఉంటుంది. అది మన సంతల్లో పెద్దగా దొరకదు, కానీ దాని పుట్టుకకు ఒక మూలమైన పంపరపనస మన పెరళ్లలోనే కాస్తుంది. దాన్నీ పక్కన పెట్టండి. బత్తాయి, దానిమ్మ, జామ నిక్షేపంగా తినవచ్చు. కూరలో పసుపు ఎప్పటిలాగే వేసుకోండి, పసుపు సారం క్యాప్సూళ్లు మాత్రం కొనకండి. తిప్పతీగ కషాయాలతో కాలేయం దెబ్బతిన్న కేసులు కరోనా కాలంలో మన దేశపు వైద్య పత్రికల్లోనే వచ్చాయి. ఈ మాత్రలు కాలేయం మీద ఎలాగూ భారం వేస్తాయి. పైగా లివర్ పరీక్షలో అంకెలు పెరిగితే, అది మందు వల్లో పొడి వల్లో తేల్చలేక డాక్టరు మంచి మందును ఆపవలసి వస్తుంది. ఆ కొడుకు తెచ్చిన పొడి పొట్లంలో ఏముందో ఇచ్చినాయనకే తెలియాలి.

మింగలేకపోతే

మాత్రను నూరకండి, విరవకండి. ఒసిమెర్టినిబ్ అయితే గ్లాసులో నాలుగు టేబుల్ స్పూన్ల మంచినీళ్లు, అంటే సుమారు 60 మిల్లీలీటర్లు పోసి, మాత్ర అలాగే వేసి చెంచాతో తిప్పండి. పూర్తిగా కరగదు, చిన్న చిన్న ముక్కలుగా విడిపోతుంది, అంతే. వెంటనే తాగించి, అదే గ్లాసులో మరో అర గ్లాసు నీళ్లు పోసి, అంచున, అడుగున అంటుకున్నదంతా కడిగి అదీ తాగించాలి. మందులో కొంత ఆ అడుగునే ఉండిపోతుంది. జెఫిటినిబ్‌నూ ఇలాగే అర గ్లాసు నీళ్లలో వేయవచ్చు, కానీ విడిపోవడానికి పావుగంట పైనే పడుతుంది, ఓపిక పట్టాలి. సోడా, పాలు, మజ్జిగ, వేడినీళ్లు వద్దు. అన్ని మందులకూ ఈ పద్ధతి కుదరదు, క్యాప్సూళ్లను విప్పి పొడి కలపకూడదు. ఇంట్లో గర్భిణి ఉంటే ఈ పని ఆమెకు అప్పగించకండి.

మొదటి నెల

ఈజీఎఫ్ఆర్ మాత్రలు మొదలుపెట్టిన వారం, రెండు వారాలకు ముఖం, ఛాతీ, వీపు మీద మొటిమల్లాంటి పొక్కులు రావచ్చు. ఆటలమ్మ పోసిందని మందు ఆపేసి, వేపాకు మంచం మీద పరచిన ఇల్లు నాకు తెలుసు. ఇది ఆటలమ్మ కాదు, మందు వికటించిందనీ కాదు. కణితి మీద పనిచేసే తీరునే చర్మం మీదా పనిచేస్తోంది. మొటిమల క్రీములు చర్మాన్ని ఇంకా ఎండబెడతాయి. నలుగు పెట్టకండి, శనగపిండితో రుద్దకండి, వేడినీళ్ల స్నానం మానండి. వాసన లేని మాయిశ్చరైజర్ మందు మొదలైన రోజు నుంచే రోజుకు రెండుసార్లు, ఎండలోకి వెళ్తే సన్‌స్క్రీన్. అలెక్టినిబ్ వాడేవాళ్లకు ఎండ మరీ పడదు, మందు ఆపిన తర్వాత కూడా 7 రోజులు జాగ్రత్త పడాలి. పొక్కులు చీము పట్టినా, నిద్ర పట్టనివ్వకపోయినా డాక్టరు డాక్సీసైక్లిన్, పూత మందులు ఇస్తారు, చాలామందికి అదుపులోకి వస్తుంది.

కొన్ని నెలలకు గోరుచుట్టు మొదలవుతుంది. మన ఇళ్లలో గోరుచుట్టు అనగానే నిమ్మకాయకు కన్నం పెట్టి వేలికి తొడుగుతారు. ఈ మందుతో వచ్చే గోరుచుట్టు పచ్చిపుండు. దానికి నిమ్మరసం అంటే గోరుచుట్టు మీద రోకటి పోటే. గోళ్లు మరీ లోతుగా కత్తిరించకండి, బిగుతు చెప్పులు మానండి, గిన్నెలు కడిగేటప్పుడు లోపల నూలు, పైన రబ్బరు గ్లవ్స్ వేసుకోండి. చీము కనిపిస్తే చూపించండి.

విరేచనాల విషయంలో మొహమాటం పనికిరాదు. లోపెరమైడ్ మాత్రలు, ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు మొదటి రోజే కొని ఇంట్లో ఉంచుకోండి, లోపెరమైడ్ ఎలా వాడాలో డాక్టరుతో రాయించుకోండి. మామూలుగా మొదట 4 మిల్లీగ్రాములు, తర్వాత నీళ్లలా వెళ్లిన ప్రతిసారీ 2 మిల్లీగ్రాముల చొప్పున, రోజుకు 16 మిల్లీగ్రాములు దాటకుండా వాడమంటారు. ఓఆర్‌ఎస్ కొనేటప్పుడు ప్యాకెట్ మీద ప్రపంచ ఆరోగ్య సంస్థ ఫార్ములా అని ఉందో లేదో చూడండి. లీటరు నీళ్లకు 20.5 గ్రాముల పొడి. చిన్న ప్యాకెట్లు 200 మిల్లీలీటర్లకు సరిపోయేవి, దాన్ని లీటరులో కలిపితే ఉత్త నీళ్లే. ఓఆర్‌ఎస్ పేరు తగిలించుకుని అట్టపెట్టెల్లో అమ్మిన తీపి పానీయాల మీద హైదరాబాద్ పిల్లల డాక్టరు శివరంజని సంతోష్ ఏళ్లపాటు పోరాడారు. 2025 అక్టోబరులో ఆహార భద్రతా సంస్థ ఆ పేరు వాడకూడదని ఉత్తర్వు ఇచ్చింది. మామూలు కంటే రోజుకు నాలుగుసార్లు ఎక్కువ వెళ్లినా, రక్తం పడినా, జ్వరం వచ్చినా, కళ్లు తిరిగినా మర్నాటి దాకా ఆగకుండా ఫోన్ చేయండి.

ఇది మాత్రం ఆలస్యం చేయకూడనిది

కొత్తగా ఆయాసం, అంతకుముందు లేని పొడి దగ్గు, దాంతో జ్వరం. ఈజీఎఫ్ఆర్, ఏఎల్‌కే మాత్రలు అరుదుగా ఊపిరితిత్తుల్లో వాపు తెస్తాయి. ఒసిమెర్టినిబ్ వాడినవాళ్లలో నూటికి సుమారు నలుగురిలో కనిపించింది, కొందరికి ప్రాణాంతకమైంది. చిక్కేమిటంటే, ఈ రోగికి దగ్గు, ఆయాసం పాత చుట్టాలే. అందుకే నిన్నటితో పోల్చి చూడండి. నిన్న స్నానాల గది దాకా నడిచిన మనిషి ఇవాళ సగం దారిలో ఆగుతున్నాడా? కరోనా నాటి ఆక్సీమీటర్ బీరువాలో ఉంటే బయటికి తీసి, బాగున్న రోజుల్లో అంకె ఎంతో క్యాలెండర్‌లో రాసి పెట్టుకోండి. తేడా కనిపిస్తే తర్వాతి మాత్ర వేయకముందే ఆసుపత్రికి ఫోన్ చేయండి, రాత్రయితే అత్యవసర విభాగానికి వెళ్లండి. దగ్గు సిరప్ తాగించి తెల్లవారేదాకా చూద్దామనకండి.

కళ్లు ఎర్రబడి నొప్పి పెట్టినా, చూపు మసకబారినా, మూత్రం ముదురు రంగులో వచ్చి కళ్లు పచ్చబడినా, గుండె దడగా ఉండి కళ్లు తిరిగినా అదే రోజు చూపించాలి. డాక్టరు రాసిన లివర్ పరీక్ష, ఈసీజీ, ఎకో "బాగానే ఉన్నాను కదా" అని దాటవేయకండి. బాగున్నప్పటి అంకెలు ఉంటేనే మార్పు తెలుస్తుంది. లోర్లాటినిబ్ వాడేవాళ్లలో కొలెస్టరాల్ పెరుగుతుంది, కొందరిలో కోపం, మతిమరుపు, మాట తడబాటు కనిపిస్తాయి. అది మనిషి నైజం మారడం కాదు, డాక్టరుకు చెప్పవలసిన విషయం. పిల్లలు పుట్టే వయసువాళ్లు గర్భనిరోధం పాటించాలి. ఒసిమెర్టినిబ్ ఆపాక కూడా ఆడవాళ్లు 6 వారాలు, మగవాళ్లు 4 నెలలు ఆగాలి.

ఉపవాసాలు, ప్రయాణాలు, కొనుగోళ్లు

కార్తీక సోమవారం నక్తం ఉండేవాళ్లు అలెక్టినిబ్ పగటి పూట క్యాప్సూళ్లను ఖాళీ కడుపున మింగేస్తారు. అలా కుదరదు, ఆ పూట ఏదో ఒకటి తినాలి. రంజాన్ నెలలో ఒసిమెర్టినిబ్ వంటి ఒక్కపూట మందును సహరీకో ఇఫ్తారుకో మార్చడం సులభమే, కానీ అడిగి మార్చండి. విరేచనాలు అవుతున్నవాళ్లు ఏ ఉపవాసమూ చేయకూడదు.

అమెరికాలో పిల్లల దగ్గరికి వెళ్లే అమ్మానాన్నలు మందును అసలు డబ్బాలోనే, చీటీతో సహా చేతి సంచిలో పెట్టుకోవాలి. మన చీటీ మీద అక్కడి షాపులు మందు ఇవ్వవు, కాబట్టి అక్కడ ఎన్నాళ్లు ఉంటారో ముందే చెప్పి ఏర్పాటు అడగండి. వేళ ఎలా మార్చుకోవాలో కూడా అప్పుడే రాయించుకోండి. మే నెలలో కారు డ్యాష్‌బోర్డు మీద, పొయ్యి పక్క అరలో, స్నానాల గదిలో మాత్రలు ఉంచకండి.

ఇక డబ్బు. 2024 జూలై బడ్జెట్‌లో ఒసిమెర్టినిబ్ మీద కస్టమ్స్ సుంకం ఎత్తేశారు, 2025 సెప్టెంబరు 22 నుంచి అలెక్టినిబ్ మీద జీఎస్టీ లేదు. పాత బిల్లుతో పోల్చి చూసుకోండి. జెఫిటినిబ్, ఎర్లోటినిబ్ జెనెరిక్‌లు చవకగానే దొరుకుతాయి. ఆసుపత్రిలో ఆరోగ్యమిత్రను, మందు కంపెనీ సహాయ పథకం గురించి కౌంటర్‌లోనూ అడగడానికి సిగ్గుపడకండి. ఖర్చు భరించలేక రోజు విడిచి రోజు వేసుకునేవాళ్లు ఆ సంగతి మాకు చెప్పరు, డాక్టరేమో మందు పనిచేయలేదనుకుంటారు. వాట్సాప్‌లో సగం ధరకు, బిల్లు లేకుండా, సరిహద్దు దాటి వచ్చిన డబ్బా పంపిస్తామనేవాళ్ల దగ్గర కొనకండి. బిల్లు మీది బ్యాచ్ నంబరు, డబ్బా మీదిది, లోపలి అట్ట మీదిది మూడూ ఒకటేనా అని కౌంటర్ దగ్గరే చూసుకోండి.

ఏడాదికో రెండేళ్లకో క్యాన్సర్ దారి మార్చుకుని, డాక్టరు వేరే మందు రాయవచ్చు. అప్పుడు ఇంట్లో సగం డబ్బా మిగులుతుంది. అంత ఖరీదైనది పారేయడానికి మనసొప్పదు, పక్క మంచం రోగికి ఇచ్చేద్దామనిపిస్తుంది. ఆయన రిపోర్టులో ఏ మార్పు ఉందో, ఏ గ్యాస్ బిళ్ళ వేసుకుంటున్నాడో మీకు తెలియదు. చెత్తబుట్టలోనూ, బాత్రూంలోనూ పోయకండి. డబ్బాతో సహా మీరు కొన్న ఆసుపత్రి మందుల విభాగానికి తెచ్చి, ఎలా పారవేయాలో అడగండి. కొత్త మందు తీసుకోవడానికి ఎలాగూ వస్తారు, ఇంటి మందుల సంచి కూడా అప్పుడే మళ్లీ పట్టుకురండి.